గోతాంవాడు

మొదటి గొడవ మామిడికాయ దగ్గర.
నా కథలో పాప
దొంగ మామిడికాయ ఉప్పూకారం అద్దుకుని తింటుంది.
లండన్ నుంచి ఎడిటర్ ఇమోజెన్ ఎంతో మర్యాదగా రాసింది:
"దొంగతనం, పైగా అంత కారం. ఒకసారి ఆలోచిస్తారా?"
ఆలోచించాను.
ఇంకొంచెం కారం చల్లాను.

తర్వాత నూనె రాసిన జడ గురించి ఒక మాట,
చేత్తో తినడం గురించి ఒక మాట,
"మీవాళ్ళు నొచ్చుకుంటారేమో" అని
నావాళ్ళ తరఫున నాకే ఒక హెచ్చరిక.
కంచెవై వచ్చి చేను మేయకమ్మా అన్నాను.
ఇంగ్లీషులో చెప్పేసరికి
చేను పోయింది, కంచె పోయింది,
కోపం ఒక్కటే సరిగ్గా అనువాదమైంది.

గెలిచాను.
మామిడి ముక్క మీద కారం
ముట్టుకుంటే వేలికంటేంత ఎర్రగా అచ్చయింది.

ఆ గెలుపుని బ్యాగులో పెట్టుకునే
నవంబరులో డాంకాస్టర్ వెళ్ళాను.
స్టేషన్ నుంచి బడిదాకా వాన అడ్డంగా కొట్టింది.
కార్పెట్ మీద ఇరవై ఏడుమంది ఏడేళ్ళవాళ్ళు,
తడిసిన స్వెటర్ల వాసన.
కారం దగ్గర అందరూ నాలుకలు బయటపెట్టారు.
పదకొండో పేజీ తిప్పాను.

గోతాంవాడు.

వీడు నా చిన్నప్పటివాడు.
అన్నం తినకపోతే వచ్చి ఎత్తుకుపోతాడని పిన్ని చెప్పినవాడు.
కొన్ని రాత్రులు పిన్ని వాడికో కులం పేరు కూడా తగిలించేది.
ఆ పేరు నేను రాయలేదు,
రాయనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.
వాడి వెనక ఏం వెయ్యమంటారని బొమ్మలాయన అడిగాడు.
పచ్చిక, గుర్రం, చక్రాల మీద ఓ రంగుల ఇల్లు?
"బావుంటుంది, వెయ్యండి" అన్నాను.
టీ తాగుతూ అన్నాను.

వెనక వరసలో లీవై అనే అబ్బాయి
చెయ్యెత్తాడు.
"ఆ కర్టెన్లు మా నానమ్మవి."
పక్కనున్న పిల్ల కాస్త జరిగి కూర్చుంది.
అర అడుగు. ఇప్పటికీ కొలిచి చూపించగలను.
"మా తాత గోతాంలో క్యారెట్లుంటాయి, మిస్.
పిల్లలు పట్టరు."

ఇమోజెన్‌కి చెప్పిన జవాబులన్నీ నా దగ్గరే ఉన్నాయి,
కల్పన, స్వేచ్ఛ, రచయిత హక్కు.
ఒక్కటీ వాడి సైజు లేదు.

తిరుగు రైల్లో పీటర్‌బరో దాకా
నా మామిడికాయకీ వాళ్ళ కర్టెన్లకీ తేడా వెతికాను.
మామిడికాయ పులుపు నా పళ్ళకి తెలుసు.
ఆ కర్టెన్లు కిటికీ లోపల్నుంచి ఎలా ఉంటాయో
నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు.

భయం తీసెయ్యమంటే తియ్యను.
భయం లేని కథ ఉప్పు లేని పప్పు,
పెద్దలకంటే ముందు పిల్లలే కనిపెట్టేస్తారు.
కానీ ఆ భయానికి
నేనెవరి ఇంటి అడ్రసు ఇచ్చాను?

రెండో ముద్రణ ముందు ఇమోజెన్‌కి నేనే రాశాను,
ఎంతో మర్యాదగా:
"పదకొండో పేజీ. ఒకసారి ఆలోచిద్దామా?"
ఆమె గెలిచినట్టు మాట్లాడలేదు,
అందుకు రుణపడి ఉన్నాను.
"మరి మామిడికాయ?" అంది.
"ఉంటుంది. కారంతో సహా."

ఆ పేజీ ఇంకా తేలలేదు.
బండి తీసేస్తే మనుషుల్ని తుడిచేసినట్టు,
ఉంచేస్తే దొంగల్ని చేసినట్టు.
బడి ద్వారా లీవై నానమ్మకి ఉత్తరం రాశాను.
జవాబు రాలేదు.
నాకు జవాబు బాకీ ఉన్నది ఆమె కాదుగా.

మార్చిలో ఒక కవరు మాత్రం వచ్చింది.
లోపల క్రేయాన్ బొమ్మ:
గోతాం, దాని మూతిలోంచి క్యారెట్ల ఆకులు,
పక్కన ఓ పిల్ల, నా కథలో పాపే,
నూనె జడని బట్టి పోల్చుకున్నాను,
గుర్రానికి ఏదో తినిపిస్తోంది.
క్యారెట్ కాదు.
ఆకుపచ్చ ముక్క, అంచంతా ఎర్రగా గీకేసి ఉంది.

గుర్రం పళ్ళన్నీ బయటపెట్టింది.